కార్బన్ ఇన్‌ఫ్యూజన్‌లో లోపాలు: మచ్చను బట్టి మూలం పట్టుకునే పద్ధతి

ఇన్‌ఫ్యూజన్ అంటే పొడి కార్బన్ ఫాబ్రిక్ మీద ప్లాస్టిక్ బ్యాగ్ వేసి, వ్యాక్యూమ్‌తో రెసిన్ ఎక్కించడం. అలా చేసిన పార్ట్‌ని మౌల్డ్ నుంచి ఊడదీశాక నల్లటి మెరుపు మీద సూదిమొనంత గుంటలు కనపడితే చాలామంది మొదట అనుమానించేది రెసిన్‌ని, తర్వాత పంపుని. రెసిన్ మారుస్తారు, పెద్ద పంపు కొంటారు, పనిలో పనిగా ఇన్‌లెట్ (రెసిన్ లోపలికొచ్చే దారి) చోటు కూడా మార్చేస్తారు. ఈసారి పార్ట్ బాగా వస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు. మళ్లీ చెడితే అసలేమీ తెలీదు.

నిజానికి ఇన్‌ఫ్యూజన్ అంత నమ్మరానిదేం కాదు. రష్యాలోని ఉల్యానోవ్‌స్క్‌లో ఎంఎస్-21 ప్రయాణికుల విమానం రెక్కలను ఆటోక్లేవ్ (వేడి, ఒత్తిడి పెట్టే పెద్ద పాత్ర) లేకుండానే, పొడి కార్బన్ పరిచి వ్యాక్యూమ్‌తో రెసిన్ ఎక్కించి తయారు చేస్తున్నారు. మన షెడ్డులో బానెట్ చెడుతోందంటే ఎక్కడో ఒక చిన్న సంగతి జారిపోతోందన్నమాట.

గుంటలైనా, పొడి మచ్చలైనా, బుడగల చారలైనా వాటి వెనక ఉండే కారణాలు మూడే. బయటి గాలి లోపలికొచ్చి ఉండాలి, లేదా గాలో ఆవిరో లోపలే పుట్టి ఉండాలి, లేదా రెసిన్ చేరాల్సిన చోటికి చేరలేదు. ఈ మూడింట్లో ఏదో తేలేదాకా ఏదీ మార్చకండి. తేలాక ఒక్కటే మార్చి చూడండి. రెసిన్ గట్టిపడకపోవడం, జిగట మిగలడం వేరే జబ్బు. దాని సంగతి తర్వాత చూద్దాం.

బ్యాగ్ వేయడం, పీల్ ప్లై (పార్ట్ మీద వేసి తర్వాత పీకేసే గుడ్డ), ఫ్లో మెష్ (రెసిన్‌ని పైపైన పరిగెత్తించే జాలీ), స్పైరల్ ట్యూబ్ (అంచు పొడవునా రెసిన్‌ని పంచే గొట్టం), క్యాచ్ పాట్ (రెసిన్ పంపులోకి పోకుండా పట్టే పాత్ర) లాంటివి ఎలా వాడాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. మాట్లాడుకోవడానికి వీలుగా ఒక ఉదాహరణ పెట్టుకుందాం: 1.2 మీటర్ల పొడవు, 0.9 మీటర్ల వెడల్పున్న కారు బానెట్. చదరపు మీటరుకి 200 గ్రాముల ట్విల్ ఫాబ్రిక్ నాలుగు పొరలు, ఎపాక్సీ రెసిన్, ఒక అంచున ఇన్‌లెట్, ఎదుటి అంచున వెంట్ (పంపు గాలిని లాగే దారి).

ముందు పార్ట్‌ని వెలుతురులో పెట్టి చూడండి

పార్ట్ ఊడదీసేముందే ఇన్‌లెట్ ఏ వైపో, వెంట్ ఏ వైపో వెనకవైపు మార్కర్‌తో రాసుకోండి. ట్రిమ్ చేశాక ఆ ఆనవాళ్లు పోతాయి, అవి పోతే మచ్చకి అర్థం ఉండదు. తర్వాత ట్యూబ్‌లైట్ వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. గాజు ఫైబర్‌లో అయితే బుడగ లోపలున్నా తెల్లగా కనిపిస్తుంది. కార్బన్‌లో ఆ సౌకర్యం లేదు. ఉపరితలం మీద కాంతి విరిగే తీరే మనకు ఆధారం.

గుంటలు ఒక చోట మొదలై, వెంట్ వైపుకి సన్నటి తోకలాగా సాగి ఉంటే అది లీక్. తోక మొదలైన చోటే గాలి దూరిన చోటు. పాత బ్యాగ్ పారేయకుండా ఉంచితే దాన్ని మళ్లీ పార్ట్ మీద పరిచి ఆ చోటు ఎదురుగా ఏముందో చూడొచ్చు. చాలాసార్లు ఒక ప్లీటో (బ్యాగ్‌లో పెట్టిన మడత), ట్యూబ్ లోపలికి దిగే జాగానో ఉంటుంది.

గుంటలు చిన్నగా, ఇంచుమించు ఒకే సైజులో, అంతటా చల్లినట్టుండి వెంట్ వైపు మరింత దట్టంగా ఉంటే అది లోపల పుట్టిన వాయువు. రెసిన్‌లో కలిసిన గాలి, ఫాబ్రిక్‌లో తేమ, వినైల్ ఎస్టర్ రెసిన్ అయితే దానిలో ఉండే స్టైరీన్ ఆవిరి. వెంట్ దగ్గర ఒత్తిడి అన్నిటికన్నా తక్కువ కాబట్టి బుడగ అక్కడే ఉబ్బుతుంది. ట్విల్ నేతలో పోగులు ఒకదానిమీదొకటి దాటే మూలల్లోనే గుంట పడుతోందంటే కూడా ఎక్కువగా ఇదే.

వేలితో గీస్తే ఫాబ్రిక్ గరుకు తగులుతూ, అంచులు స్పష్టంగా ఉన్న పొడి మచ్చ ఉంటే రెసిన్ చేరలేదు. మచ్చ చుట్టూ తడి ఉండి మధ్యలో ద్వీపంలా మిగిలితే రెండు వైపుల నుంచి వచ్చిన రెసిన్ గాలిని మధ్యలో బంధించింది. వెంట్ అంచు పొడవునా పట్టీలా మిగిలితే రెసిన్ ముందే గట్టిపడింది, లేదా వెంట్‌ని తొందరపడి మూసేశారు.

ఇన్‌లెట్ దగ్గర మాత్రమే పెద్ద బుడగలుంటే ఫీడ్ ట్యూబ్‌లోంచి గాలి వచ్చింది. ఇది అన్నిటికన్నా తేలిగ్గా దొరికే తప్పు.

గేజ్ ఏ ఊళ్లో ఉందో చూసుకోండి

ముల్లు గేజ్ మీద మైనస్ 713 మిల్లీమీటర్ల పాదరసం చూపిస్తోంది. ఇది మంచి వ్యాక్యూమా? హైదరాబాద్‌లో అయితే దాదాపు సంపూర్ణం. విశాఖలో అయితే పనికిరాదు.

ఎందుకంటే ముల్లు గేజ్ బయటి గాలికీ లోపలికీ తేడానే చూపిస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాతావరణ ఒత్తిడి 950 మిల్లీబార్ల దరిదాపుల్లో, అంటే 713 మిల్లీమీటర్లే. అంతకన్నా లాగడానికి అక్కడ గాలే లేదు. హైదరాబాద్ షెడ్డులో గేజ్ 740 చూపిస్తే సంతోషించకండి, గేజ్ చెడిపోయింది. విశాఖలో ఒత్తిడి 1010 మిల్లీబార్ల చుట్టూ ఉంటుంది కాబట్టి అక్కడ అదే 713 అంటే బ్యాగ్‌లో ఇంకా 60 మిల్లీబార్ల గాలి మిగిలి ఉన్నట్టు. బెంగళూరులో ఇంకా తక్కువ, 680 మిల్లీమీటర్ల దగ్గరే ముల్లు ఆగిపోతుంది. వేరే ఊరివాళ్లు చెప్పిన మైనస్ అంకెతో మీ అంకె పోల్చుకుని టెన్షన్ పడొద్దు.

దీనికి మందు అబ్సొల్యూట్ ఒత్తిడి చూపించే డిజిటల్ గేజ్. పంపు మార్చే ఆలోచన ఉంటే ముందు ఇది కొనండి. ఒక మిల్లీబార్ తేడా కనిపించే గేజ్ లేకుండా లీక్ వెతకడం అంటే చీకట్లో తడుముకోవడమే. ఇకపై నేను చెప్పే మిల్లీబార్లన్నీ అబ్సొల్యూట్ అంకెలే.

గేజ్ బ్యాగ్ వైపు ఉండాలి. చాలా సెటప్‌లలో అది క్యాచ్ పాట్ మూత మీద ఉంటుంది. బ్యాగ్‌కీ పాట్‌కీ మధ్య క్లాంప్ వేసి పంపు ఆపితే అప్పుడు మీరు కొలిచేది పాట్‌ని, బ్యాగ్‌ని కాదు. క్లాంప్ వేయకుండా కొలిస్తే పాట్‌లోని ఖాళీ జాగా లీక్‌ని కప్పిపుచ్చుతుంది. బ్యాగ్‌లోకి విడిగా ఒక సన్నటి ట్యూబ్ దింపి గేజ్‌ని దానికి తగిలించండి. ఇన్‌లెట్ తెరిచే ముందు ఆ ట్యూబ్‌ని మూసేస్తే రెసిన్ గేజ్‌లోకి పోదు.

లీకా, తేమా?

పంపు నుంచి బ్యాగ్‌ని క్లాంప్‌తో వేరు చేసి నిమిషానికోసారి గేజ్ అంకె కాగితం మీద రాయండి. పది, పదిహేను నిమిషాలు చాలు.

ప్రతి నిమిషానికీ ఒకే మోతాదులో పెరుగుతూ పోతుంటే లీక్. మొదట గబగబా పెరిగి, రానురాను నెమ్మదించి ఒకచోట ఆగిపోతుంటే తేమ. నీటి ఆవిరికి 30 డిగ్రీల దగ్గర 42 మిల్లీబార్ల ఒత్తిడే ఉంటుంది. అంతకుమించి తేమ ఒక్కటే గేజ్‌ని పెంచలేదు. ఇంకా అనుమానముంటే గంటసేపు పంపు నడిపి మళ్లీ అదే పరీక్ష చేయండి. తేమ అయితే ఈసారి మెల్లగా పెరుగుతుంది. లీక్ అయితే అచ్చం అలాగే పెరుగుతుంది.

మన బానెట్ సైజుకి నేను పెట్టుకునే గీత: 10 మిల్లీబార్ల కిందికి దిగాలి, క్లాంప్ వేశాక 15 నిమిషాల్లో 5 మిల్లీబార్ల కన్నా ఎక్కువ పెరగకూడదు. దాటితే రెసిన్ డబ్బా మూత తీయను. "పంపు నడుస్తూనే ఉంటుంది కదా, లాగేస్తుందిలే" అనేది పాలిస్టర్ హ్యాండ్ లేఅప్ (చేత్తో రెసిన్ పూసే పద్ధతి) నుంచి వచ్చినవాళ్ల మాట. పంపు లాగేది నిజమే, కానీ ఆ గాలి లీక్ నుంచి వెంట్ దాకా మీ ఫాబ్రిక్ మధ్యలోంచే పోతుంది. పెద్ద పంపు పెడితే ఇంకా ఎక్కువ గాలి పోతుంది.

లీక్ వెతికేటప్పుడు వరుస తప్పొద్దు:

1. క్యాచ్ పాట్ దాటగానే క్లాంప్ వేసి పంపు, పాట్ మాత్రమే నడిపి చూడండి. అక్కడే 5 మిల్లీబార్ల కిందికి దిగకపోతే పాట్ మూత గాస్కెట్టో, పంపు ఆయిలో సమస్య. ఏసీ మెకానిక్‌లు వాడే రెండు దశల ఆయిల్ పంపు ఈ పనికి బాగా సరిపోతుంది. అయితే ఆయిల్ పాలరంగుకి తిరిగిందంటే నీళ్లు కలిశాయి. గ్యాస్ బ్యాలాస్ట్ (ఆయిల్‌లోని నీటి ఆవిరిని బయటికి పంపే కవాటం) తెరిచి అరగంట నడపండి, తగ్గకపోతే ఆయిల్ మార్చండి.

2. ట్యూబ్‌ని బ్యాగ్ దగ్గర మూసి ట్యూబ్, ఫిట్టింగులు చూడండి. క్లాంప్ కూడా లీక్ కావొచ్చు. ట్యూబ్‌ని మడిచి, మడత మీద ఒకటి, దాని వెనక ఒకటి, రెండు క్లాంప్‌లు వేయండి.

3. ఇప్పుడు బ్యాగ్. ఫ్యాన్, కంప్రెసర్, మొబైల్‌లో పాటలు అన్నీ ఆపేయండి. చెవి దగ్గర పెట్టి ట్యాకీ టేప్ (బ్యాగ్‌ని మౌల్డ్‌కి అంటించే జిగురు పట్టీ) వెంబడి వెళ్లండి. స్టెతస్కోప్‌కి చివర గంట తీసేసి ఒట్టి గొట్టంతో వింటే ఇంకా బాగా వినిపిస్తుంది. సబ్బు నీళ్లతో వెతకొద్దు. ట్యూబు పంక్చర్‌లో గాలి బయటికొస్తుంది కాబట్టి బుడగ వస్తుంది, ఇక్కడ సబ్బునీళ్లే లోపలికి పోతాయి.

4. ఎక్కడా దొరక్కపోతే మౌల్డ్‌ని అనుమానించండి. ఫాబ్రిక్ లేకుండా ఖాళీ మౌల్డ్ మీద ఒట్టి మెష్ ముక్క, బ్యాగ్ వేసి అదే పరీక్ష చేయండి. ఎండీఎఫ్ మౌల్డ్ సరిగా సీల్ కాకపోతే, జెల్‌కోట్‌లో (మౌల్డ్ పైపూతలో) పగులుంటే, బోల్టు ఇన్‌సర్ట్ ఉంటే గాలి మౌల్డ్‌లోంచే వస్తుంది. ఇది ఎంత బ్యాగ్ మార్చినా తీరదు.

మూడో మెట్టులో దొరికే లీకుల్లో ఎక్కువ భాగం కార్బన్ పోగులవే. 3కె పోగంటే అందులో మూడు వేల సన్నటి తంతువులుంటాయి. ఫాబ్రిక్ కత్తిరించినప్పుడు ఊడిన ఒక్క పోగు ట్యాకీ టేప్ కింద అడ్డంగా పడితే చాలు, తంతువుల మధ్య సందుల్లోంచి గాలి తిన్నగా లోపలికి నడుస్తుంది. పైనుంచి టేప్ ఎంత నొక్కినా ఆ సందు పూడదు. కంటికి టేప్ మీద వెంట్రుక పడినట్టు కనిపిస్తుంది, అంతే. ఫాబ్రిక్ పరిచే ముందే ఫ్లాంజ్ (మౌల్డ్ చుట్టూ ఉండే చదును అంచు) మీద మాస్కింగ్ టేప్ అంటించి, లేఅప్ పూర్తయ్యాక దాన్ని పీకేసి, శుభ్రమైన జాగాలో ట్యాకీ టేప్ వేస్తే ఈ బెడద సగానికి సగం పోతుంది. స్ప్రే జిగురు, వ్యాక్స్ కూడా అక్కడ పడవు.

ఎండాకాలం ఇంకో సంగతి. నైలాన్ బ్యాగ్ ఫిల్మ్‌కి మెత్తదనం ఇచ్చేది దానిలోని తేమే. పొడి వేడిలో రోల్ విప్పి వదిలేస్తే పెళుసెక్కి మడతల దగ్గర చిట్లుతుంది. రోల్‌ని కవర్‌లోనే ఉంచండి.

లోపల పుట్టే వాయువు

తేమని ఇన్‌ఫ్యూజన్‌కి ముందే బయటికి పంపాలి, తర్వాత వీలుపడదు. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో, ఫాబ్రిక్, పీల్ ప్లై, ఫోమ్ కోర్ అన్నీ గాలిలోని చెమ్మని పీలుస్తాయి. బ్యాగ్ వేసి, లీక్ పరీక్ష పాసయ్యాక, రాత్రంతా పంపు మీద ఉంచడం అన్నిటికన్నా చవకైన మందు. తొందరుంటే మౌల్డ్‌ని 45 డిగ్రీల దాకా వెచ్చబెట్టి రెండు మూడు గంటలు లాగండి. రెసిన్ ఎక్కించే ముందు మళ్లీ షెడ్డు వేడికి చల్లారనివ్వాలి.

హార్డెనర్ (రెసిన్‌లో కలిపి గట్టిపరిచే ద్రవం) డబ్బా మూత తెరిచి ఉంచకండి. అమైన్ హార్డెనర్ గాలిలోని తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పట్టుకుంటుంది.

కలిపిన రెసిన్‌ని డీగ్యాస్ చేయాలా, అంటే వ్యాక్యూమ్ పెట్టి దానిలోని గాలి లాగేయాలా అని చాలామంది అడుగుతారు. కనిపించే ముఖం కార్బన్ అయితే తప్పకుండా చేయాలి. కర్ర పెట్టి తిప్పినప్పుడు దూరిన గాలి బయట ఒత్తిడిలో కంటికి ఆనదు, బ్యాగ్‌లో 10 మిల్లీబార్ల దగ్గర అదే బుడగ 95 రెట్లు ఉబ్బుతుంది. డీగ్యాస్ పాత్రలో రెసిన్ మూడో వంతుకి మించకూడదు, ఎందుకంటే వ్యాక్యూమ్ పెట్టగానే పాలు పొంగినట్టు నురగ లేస్తుంది. పొంగినప్పుడు కొంచెం గాలి వదిలి, మళ్లీ లాగి, నురగ విరిగి పడిపోయేదాకా చూడండి. అయిదు నుంచి పది నిమిషాలు చాలు. రెసిన్ కుప్పగా ఉన్నంతసేపూ లోపల వేడెక్కుతూనే ఉంటుంది కాబట్టి అంతకన్నా ఆలస్యం చేస్తే ఇన్‌ఫ్యూజన్‌కి టైమ్ మిగలదు.

రెసిన్ దారి

మెష్‌తో రెసిన్‌ని పైపైన పరిగెత్తించి, కిందికి ఇంకించే ఈ పద్ధతికి అమెరికాలో బిల్ సీమన్ 1990లో పేటెంట్ తీసుకున్నారు. దీన్ని పిలిచే స్క్రింప్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. దానిలోని చిక్కు కూడా మెష్‌తోనే వచ్చింది: పైన రెసిన్ ముందు పోతుంది, కింద మౌల్డ్ ముఖం వెనకబడుతుంది. మీకు కనిపించేది పై భాగం. జనం చూసేది కింది ముఖం. బ్యాగ్‌లోంచి చూసి "నిండిపోయింది" అనుకున్నప్పుడు కింద ఇంకా నాలుగైదు సెంటీమీటర్లు పొడిగా ఉండొచ్చు.

అందుకే మెష్‌ని వెంట్ దాకా పరచకూడదు. పార్ట్ అంచుకి 3 నుంచి 5 సెంటీమీటర్ల ముందే ఆపేయాలి. మెష్ అయిపోయిన చోట రెసిన్ నెమ్మదిస్తుంది, ఆ వ్యవధిలో కింది పొర అందుకుంటుంది. పొరలు ఎక్కువైతే ఈ పట్టీ ఇంకా వెడల్పు కావాలి.

రెసిన్ ఎంతసేపట్లో నిండుతుందో అంచనాకి డార్సీ సూత్రం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: దూరం రెట్టింపైతే సమయం నాలుగింతలవుతుంది. మార్కర్ పట్టుకుని అయిదు నిమిషాలకోసారి బ్యాగ్ మీద రెసిన్ అంచు వెంబడి గీత గీసి టైమ్ రాయండి. మొదటి 30 సెంటీమీటర్లకి 4 నిమిషాలు పడితే 60కి 16, 90కి 36 నిమిషాలు పట్టడం సహజం. నెమ్మదించింది కదా అని కంగారు పడక్కర్లేదు. 60 దాకా 16 నిమిషాలకే వచ్చి, 90 చేరడానికి గంట దాటితే మాత్రం రెసిన్ చిక్కబడుతోంది, లేదా ఫీడ్ ట్యూబ్ నలిగింది, లేదా వ్యాక్యూమ్ పడిపోయింది. ఆ గీతలున్న బ్యాగ్‌ని ఫొటో తీసి దాచుకోండి. తర్వాత పార్ట్ మీద మచ్చకీ ఆ గీతల వంపుకీ పొంతన చూస్తే సగం పరిశోధన అయిపోతుంది.

ఈ లెక్క ప్రకారం మన బానెట్‌కి ఇన్‌లెట్ 1.2 మీటర్ల పొడవైన అంచు వెంబడి పెట్టాలి. అప్పుడు రెసిన్ పోవాల్సింది 0.9 మీటర్లే. పొట్టి అంచున పెడితే 1.2 మీటర్లు పోవాలి, సమయం దాదాపు 1.8 రెట్లవుతుంది. అదే హార్డెనర్‌తో 40 డిగ్రీల షెడ్డులో ఇది పార్ట్ దక్కడానికీ పోవడానికీ మధ్య తేడా.

చుట్టూ ఇన్‌లెట్ పెట్టి మధ్యలో వెంట్ పెట్టే పద్ధతి తొందరగా నిండుతుంది, ప్రమాదం కూడా అందులోనే ఎక్కువ. నాలుగు వైపుల నుంచి వచ్చే రెసిన్ కచ్చితంగా వెంట్ దగ్గరే కలవాలి. కలవకపోతే ఇందాక చెప్పిన ద్వీపం మిగులుతుంది. కొత్తవాళ్లు ఒక అంచు నుంచి ఎదుటి అంచుకే వెళ్లడం మేలు. గాలిని పోనిచ్చి రెసిన్‌ని ఆపే పొర బ్యాగ్‌లో వేసే పద్ధతీ ఉంది, కానీ ఖరీదు ఎక్కువ.

అంచుల వెంట రెసిన్ పరిగెత్తడం ఇంకో మామూలు తగువు. ఫాబ్రిక్ అంచుకీ ట్యాకీ టేప్‌కీ మధ్య ఖాళీ కాలువ మిగిలితే రెసిన్ అటే పోయి, వెంట్‌కి ముందే చేరి, మధ్య భాగాన్ని వదిలేస్తుంది. బ్యాగ్ ప్లీట్ పార్ట్ మీద అడ్డంగా పడినా అదే కాలువ. ప్లీట్‌లు మూలల్లోనూ, లోతు మారే చోట్లలోనూ ఉండాలి. బ్యాగ్ లోపలి మూలలోకి పూర్తిగా దిగకపోతే అక్కడ రెసిన్ గట్టులా పేరుకుంటుంది. ఫాబ్రిక్కే దిగకపోతే మౌల్డ్ ముఖం వైపు మూల పొడవునా బోలు మిగులుతుంది, తట్టగానే ఊడిపోతుంది. పంపు ఆన్ చేశాక సగం వ్యాక్యూమ్ దగ్గర ఆపి, మొద్దు చెక్కతో బ్యాగ్‌ని, ఫాబ్రిక్‌ని మూలల్లోకి నొక్కి, తర్వాత పూర్తిగా లాగండి. పూర్తి వ్యాక్యూమ్ వచ్చాక ఫాబ్రిక్ కదలదు.

ఫోమ్ కోర్ వాడితే దానికి రంధ్రాలుండాలి. 2 మిల్లీమీటర్ల బిట్‌తో అయిదేసి సెంటీమీటర్లకి ఒకటి వేసుకోవచ్చు. లేకపోతే పైపొర తడిసి, కింది ముఖం పొడిగా ఉండిపోతుంది. హనీకోంబ్ (తేనెపట్టు గదుల్లాంటి కోర్)తో ఇన్‌ఫ్యూజన్ చేయకండి, గదులన్నీ రెసిన్‌తో నిండిపోతాయి.

ఎంత రెసిన్ కలపాలి

మన బానెట్‌లో ఫాబ్రిక్ బరువు 864 గ్రాములు. ఫైబర్ 55 శాతం పరిమాణంలో ఉండేలా వస్తే పార్ట్‌లోకి పోయే రెసిన్ సుమారు 460 గ్రాములు. ఇంతేనా అనుకోకండి. మెష్, పీల్ ప్లై కలిసి ఇంచుమించు ఇంకో అంత తాగుతాయి. 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న ట్యూబ్ మీటరుకి 78 మిల్లీలీటర్లు పట్టుకుంటుంది, రెండు మీటర్లుంటే 170 గ్రాములు. బకెట్ అడుగున మిగలాల్సింది కూడా కలిపితే 1.3 కిలోలు కలపాలి. పలుచటి పార్ట్‌లో పార్ట్‌కన్నా చెత్తబుట్టకే ఎక్కువ రెసిన్ పోతుంది, అదంతే. మెష్ రకాన్ని బట్టి అంకె మారుతుంది కాబట్టి మొదటి పార్ట్ అయ్యాక ఊడదీసిన మెష్, పీల్ ప్లైలని తూకం వేసి మీ అంకె రాసుకోండి.

ఇక జిగట సంగతి. పాలిస్టర్‌లో కేటలిస్ట్ కొంచెం ఎక్కువ తక్కువలతో స్పీడ్ మార్చుకునే అలవాటు మన ఎఫ్ఆర్‌పీ షెడ్లలో ఉంది. ఎపాక్సీతో అది కుదరదు. డబ్బా మీద 100కి 30 బరువు అని ఉంటే 30 గ్రాములే, స్పీడ్ కావాలంటే వేరే హార్డెనర్ కొనాలి. బరువు నిష్పత్తిని కొలత గ్లాసుతో పోస్తే తప్పుతుంది, రెండిటి సాంద్రతలూ ఒకటి కావు. పార్ట్ మీద అక్కడక్కడా మెత్తటి చారలుంటే నిష్పత్తి కాదు, కలపడం చాలలేదు: ఒక పాత్రలో కలిపి, ఇంకో శుభ్రమైన పాత్రలోకి పోసి మళ్లీ కలపండి. పార్ట్ మొత్తం మెత్తగా ఉంటే తూకం తప్పు.

రెసిన్ నడుస్తున్నప్పుడు

ఫీడ్ ట్యూబ్ క్లాంప్ బకెట్ వైపు కొసన ఉండాలి, బ్యాగ్ దగ్గర కాదు. బ్యాగ్ దగ్గర వేస్తే క్లాంప్‌కీ బకెట్‌కీ మధ్యనున్న మీటరు ట్యూబ్‌లోని గాలంతా రెసిన్ కన్నా ముందు పార్ట్‌లోకి దూకుతుంది. ఆ 78 మిల్లీలీటర్ల గాలి 10 మిల్లీబార్ల దగ్గర ఏడు లీటర్లవుతుంది. ఇన్‌లెట్ దగ్గర పెద్ద బుడగలకి అసలు కారణం సాధారణంగా ఇదే. ట్యూబ్ కొసని ఏటవాలుగా కోసి, రెసిన్‌లోకి దించి, ట్యూబ్‌ని బకెట్ అంచుకి టేప్‌తో కట్టేయండి, తేలకుండా ఉంటుంది. బకెట్ పార్ట్ మట్టానికి లేదా కొంచెం కిందనే ఉండాలి. పైన పెడితే ఇన్‌లెట్ వైపు బ్యాగ్ ఉబ్బి పార్ట్ అక్కడ మందమవుతుంది.

క్లాంప్‌ని నెమ్మదిగా తెరవండి. తర్వాత వచ్చే అవాంతరాలు కొన్నే:

ట్యూబ్‌లో బుడగల గొలుసు ఆగకుండా వస్తుంటే ఫిట్టింగ్ వదులైంది. ఇన్‌లెట్ మూసి, టేప్ ముద్ద చుట్టి, మళ్లీ తెరవండి. బకెట్ ఖాళీ అవుతుంటే మొదటి దాంట్లో మూడో వంతు ఉండగానే రెండోది కలిపి సిద్ధం చేయండి. ట్యూబ్ ఒక్కసారి గాలి పీల్చిందంటే ఆ పార్ట్ మీద ఆశ వదులుకోవచ్చు. రెసిన్ ఒక వెంట్‌కి ముందే చేరితే ఆ వెంట్‌ని మూసి, మిగతావాటిని తెరిచే ఉంచండి.

మధ్యలో ద్వీపం ఏర్పడుతున్నట్టు కనిపిస్తే, ఇంకా రెసిన్ పలుచగా ఉండగానే, దాని నడుమ బ్యాగ్ మీద ట్యాకీ టేప్ ముద్ద అంటించి, సన్నటి ట్యూబ్‌కి తగిలించిన ఇంజెక్షన్ సూదిని ఆ ముద్దలోంచి గుచ్చి వ్యాక్యూమ్ పెట్టండి. ముద్ద బ్యాగ్‌కి గట్టిగా అంటుకోవాలి, సూది బ్యాగ్ దాటి పీల్ ప్లై దగ్గర ఆగాలి. ఫాబ్రిక్‌లోకి దించితే మౌల్డ్ ముఖం మీద గుర్తు పడుతుంది. ఈ చిట్కా ద్వీపం అరచేయంత ఉన్నప్పుడు పనిచేస్తుంది, అంతకన్నా పెద్దదైతే ఆలస్యమైనట్టే. హీట్ గన్‌తో వెచ్చబెడితే రెసిన్ పలుచబడుతుంది గానీ గట్టిపడడం కూడా తొందరవుతుంది. పది డిగ్రీలు పెరిగితే పాట్ లైఫ్ (కలిపిన రెసిన్ పనికొచ్చే సమయం) సగానికి పడిపోతుంది. చివరి రెండు మూడు సెంటీమీటర్లకి తప్ప హీట్ గన్ వాడొద్దు.

నిండాక ఏది ముందు మూయాలి

ముందు ఇన్‌లెట్. ట్యూబ్ కొస మాత్రం రెసిన్‌లోనే మునిగి ఉండనివ్వండి, క్లాంప్ కొంచెం కారినా గాలికి బదులు రెసిన్ పోతుంది. వెంట్ మాత్రం తెరిచే ఉండాలి. రెండూ మూసేసి ఇంటికెళ్లిపోతే, ఇందాక 15 నిమిషాల్లో 5 మిల్లీబార్లు పెరిగిన బ్యాగ్ రాత్రికి ఎంత పెరుగుతుందో లెక్కేసుకోండి.

వెంట్‌ని పూర్తి వ్యాక్యూమ్ మీదే ఉంచాలా అన్న దగ్గర రెండు వర్గాలున్నాయి. పూర్తిగా ఉంచితే అదనపు రెసిన్ బయటికి లాగేసి పార్ట్ తేలికవుతుంది. కానీ లాగుతున్నకొద్దీ లోపలి రెసిన్ మీద ఒత్తిడి తగ్గి, కరిగి ఉన్న వాయువు బుడగలుగా బయటపడుతుంది. నా ఓటు రెండో పద్ధతికి: కాసేపు పూర్తిగా లాగనిచ్చి, తర్వాత వెంట్ దగ్గర వ్యాక్యూమ్ తగ్గించి, ఒత్తిడిని 300 నుంచి 500 మిల్లీబార్ల మధ్యకి రానిచ్చి రెసిన్ గట్టిపడేదాకా ఉంచడం. పార్ట్ కొద్దిగా మందమవుతుంది, ముఖం శుభ్రంగా వస్తుంది. వినైల్ ఎస్టర్‌తో అయితే ఇందులో చర్చే లేదు, పూర్తి వ్యాక్యూమ్‌లో స్టైరీన్ మరిగిపోతుంది.

బకెట్‌లో మిగిలిన రెసిన్‌ని వెడల్పాటి పళ్లెంలోకి పోసి ఆరుబయట పెట్టండి. కుప్పగా వదిలేస్తే పొగ వస్తుంది.

చెడిన పార్ట్‌ని ఏం చేయాలి

బరువు మోయని పార్ట్ అయి, ముఖం మీద పిన్‌హోల్స్ మాత్రమే ఉంటే నీటి సాండ్‌పేపర్‌తో రుద్ది, పలుచటి ఎపాక్సీని రబ్బరు పట్టీతో గుంటల్లోకి నెట్టి, గట్టిపడ్డాక మళ్లీ రుద్ది, క్లియర్ కోట్ వేయొచ్చు. నైట్రైల్ గ్లౌజులు, మాస్క్ ఉండాలి. పొడిగా రుద్దితే కార్బన్ దుమ్ము కరెంటుని ప్రవహింపజేస్తుంది, పక్కనున్న స్విచ్‌బోర్డులు, కంప్యూటర్లు షార్ట్ అవుతాయి.

పొడి మచ్చ లోపలి పొరల దాకా ఉంటే నాణెంతో తట్టి చూడండి. టంగుమని మోగిన చోట బాగుంది, డొల్లగా వినిపించిన చోట పొరలు కలవలేదు. రంధ్రం వేసి రెసిన్ ఎక్కిస్తే పైకి బాగానే కనిపిస్తుంది, బలం రాదు. సస్పెన్షన్ ఆర్మ్, డ్రోన్ స్పార్ లాంటివైతే కోసి పారేయండి. కోసిన ముక్క అంచుని పాలిష్ చేసి భూతద్దంతో చూస్తే బుడగలు పొరల మధ్య ఉన్నాయా, పోగుల లోపల ఉన్నాయా అన్నది కూడా తెలుస్తుంది.

ఊడదీసినప్పుడు అద్దంలా ఉండి, వారం ఎండలో తిరిగాక ట్విల్ నేత ముఖం మీద ముద్రలా తేలితే అది ఇన్‌ఫ్యూజన్ లోపం కాదు. మన ఎండలో నల్లటి బానెట్ 70 డిగ్రీలు దాటుతుంది. మామూలు ఉష్ణోగ్రతలో మాత్రమే గట్టిపడిన ఎపాక్సీ ఆ వేడికి మెత్తబడి మళ్లీ కుంచించుకుంటుంది. డేటాషీట్‌లో చెప్పిన పోస్ట్ క్యూర్‌ని (గట్టిపడ్డాక మళ్లీ వేడి చేయడాన్ని) పార్ట్ మౌల్డ్‌లో ఉండగానే, వేడిని గంటకి పది డిగ్రీల చొప్పున మెల్లగా పెంచుతూ చేయండి. మౌల్డ్ కూడా ఆ వేడికి తట్టుకునేదేనా అని ముందే చూసుకోవాలి.